రహదారి మీద రెండు దీవులు

సూర్యాపేటలో బయల్దేరిన బస్సు మునగాల, కోదాడ, గరికపాడు, చిల్లకల్లు, నందిగామ, కీసర, కంచికచర్ల, పరిటాల, ఇబ్రహీంపట్నం దాటి రెండున్నర గంటల్లో బెజవాడ చేరుతుంది. దారిలో తగిలే సరిహద్దు ఒక్కటే. కోదాడ దాటాక తెలంగాణ అయిపోయి, గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. సెల్‌ఫోన్ చూసుకుంటున్నవాళ్ళకు అది కూడా తెలియదు.

1940లో ఇదే దారిన వచ్చిన మనిషి ఐదు సరిహద్దులు దాటాలి. సూర్యాపేట నైజాం. కాస్త ముందుకొస్తే మునగాల, అది ఇంగ్లీషువాళ్ళది, మద్రాసు రాష్ట్రం. మునగాల దాటి కోదాడ దగ్గరికొస్తే మళ్ళీ నైజాం. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల తిరిగి ఇంగ్లీషువాళ్ళవి. పరిటాల పొలిమేరలో మళ్ళీ నైజాం. పరిటాల దాటి ఇబ్రహీంపట్నం వైపు వస్తే అప్పటికి మద్రాసు రాష్ట్రం స్థిరపడేది. చుట్టూ ఇంగ్లీషు భూమి, మధ్యలో నిజాం పరిటాల. చుట్టూ నిజాం భూమి, మధ్యలో ఇంగ్లీషు మునగాల. నీళ్ళు లేని దీవులు ఈ రెండూ. దీవి ఎవరిదన్న తగవు వచ్చినప్పుడల్లా పటాలూ ఫర్మానాలూ ముందుకొస్తాయి, అక్కడ బతికేవాళ్ళు వెనక్కి పోతారు. మన మెట్ట ప్రాంతంలోనూ అదే జరిగింది. ఒక్కసారి మాత్రం జనం ఆ వరస తిరగేశారు. ఆ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

ఈ కథ చెప్పడానికి పెనుగంచిప్రోలును మించిన చోటు లేదు. రహదారికి ఉత్తరాన మునేటి ఒడ్డున ఉంటుంది ఊరు. కృష్ణా జిల్లా అంటే డెల్టా కాలువలు, కనుచూపు మేర వరిచేలు అనుకునేవాళ్ళకు ఈ సీమ వేరే జిల్లాలా తోస్తుంది. పత్తి, మిర్చి, అక్కడక్కడ మామిడి తోటలు, సాగర్ ఎడమ కాలువ నీళ్ళ కోసం ఎదురుచూసే చివరి భూములు. వరంగల్ వైపు పుట్టి ఖమ్మం మీదుగా వచ్చే మునేరు ఈ ఊరిని ఒరుసుకుంటూ పోయి, కీసర దగ్గర హైవే వంతెన కింది నుంచి సాగి, కృష్ణలో కలుస్తుంది. తాము ఏ రాష్ట్రానివో ఏటి నీళ్ళకు పట్టదు. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మం కాలనీలను ముంచిన వరదే పెనుగంచిప్రోలునూ ముంచెత్తింది. అంతకు ముందు ఏడాది జులైలో ఐతవరం దగ్గర మునేటి నీళ్ళు హైవే మీదికి వచ్చి హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలే ఆగిపోయాయి.

పెనుగంచిప్రోలు పేరు చెబితే ఎవరికైనా ముందు తిరుపతమ్మ తల్లే గుర్తొస్తుంది. మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్ళు, ఫాల్గుణంలో చిన్న తిరునాళ్ళు. రెండేళ్ళకోసారి గోపయ్య, తిరుపతమ్మల విగ్రహాలకు రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకెళ్ళి, రంగులయ్యాక ఊరేగింపుగా తిరిగి తీసుకొస్తారు. తిరునాళ్ళ నాడు మునేటి ఇసుకలో నిలబడి చూస్తే ఆగి ఉన్న ట్రాక్టర్లు, ఆటోలు, కార్ల నంబరు పలకల మీద రెండు రాష్ట్రాల అక్షరాలూ కలగలిసి ఉంటాయి. ఖమ్మం, మధిర, కోదాడ నుంచి వచ్చిన ఆడవాళ్ళు నందిగామ ఆడవాళ్ళతో కలిసి ఒకే రాళ్ళ పొయ్యి మీద పొంగలి వండుకుంటారు. ఈ రాకపోకలు ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 కంటే పాతవి, నిజాం కాలం కంటే కూడా పాతవేమో. నైజాం ఇలాకాలో పుట్టిన పిల్ల ఇంగ్లీషు ఇలాకాలో కోడలయ్యేది. ఇక్కడి ఎడ్లను అక్కడి సంతలో అమ్మేవాళ్ళు. గీతలు గీసినవాళ్ళు ఈ చుట్టరికాలను లెక్కలోకి తీసుకోలేదు.

వజ్రాల కోసం మిగిలిన ఊళ్ళు

ముందు పరిటాల సంగతి. 1765లో మొగలు పాదుషా షా ఆలం ఉత్తర సర్కార్లను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఆ భూమిని నిజంగా ఏలుతున్నది నిజాం అలీ ఖాన్. దాంతో కంపెనీ మరుసటి ఏడాది, 1766 నవంబరు 12న, ఆయనతో విడిగా సంధి చేసుకోవాల్సి వచ్చింది. సర్కార్లు కంపెనీ చేతికొచ్చాయి. ప్రతిఫలంగా నిజాంకు ఏటా పేష్కష్ (కప్పం) కట్టాలి. ఆ బాధ్యతను 1823లో ఏకమొత్తం చెల్లించి వదిలించుకునేదాకా, కాగితాల ప్రకారం ఈ నేల మీద నిజాం హక్కు నీడలా ఉంటూనే వచ్చింది.

అప్పగింతలో నిజాం కొన్ని ఊళ్ళను చేజారనివ్వలేదు. అవి వజ్రాల గనులున్న ఊళ్ళు, వాటిలో ముఖ్యమైనది పరిటాల. కృష్ణా తీరం వెంట అటు పల్నాడు వైపు కొల్లూరు, ఇటు పరిటాల, గని ఆత్కూరు, ఉస్తేపల్లి, కొడవటికల్లు చుట్టుపక్కల నేలంతా ఒకప్పుడు గోల్కొండ వజ్రాలు పుట్టిన నేల. గోల్కొండ వజ్రాలని లోకమంతా పేరుపడ్డవి గోల్కొండలో దొరికినవి కావు. ఇక్కడ తవ్వి అక్కడ అమ్మినవి. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొని, ఇంగ్లండులో కోయించి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మిన రీజెంట్ వజ్రం పరిటాల గనిదని కొందరు, కొల్లూరు గనిదని కొందరు రాస్తారు. ముడిగా ఉన్నప్పుడు 410 కారెట్లు, కోసిన తర్వాత 140 చిల్లర. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఏ గనిదైనా అది కృష్ణమ్మ ఒడ్డున మట్టిలో దొరికిన రాయి, కూలివాళ్ళు బుట్టలతో మోసి కడిగిన మట్టిలోంచి బయటపడ్డ రాయి.

వజ్రం దొరుకుతుందన్న ఆశ ఇంకా చావలేదు. తొలకరి వాన పడితే చాలు, చందర్లపాడు మండలం గుడిమెట్ల కొండ దగ్గర జనం చేరతారు. ఒంగి నేలనే చూస్తూ, చేతి కర్రతో గులకరాళ్ళు కదుపుతూ పొద్దు గడుపుతారు. తెలంగాణ నుంచి, పల్నాడు నుంచి సద్దిమూటలు కట్టుకొని వస్తారు. ఎండకు మెరిసిన ప్రతి రాయినీ చేతిలోకి తీసుకుని, తడిపి, ఆకాశం వైపు పెట్టి చూస్తారు. ఎక్కువమందికి దొరికేది పలుగురాయే.

పంతొమ్మిదో శతాబ్దానికి గనులు వట్టిపోయాయి. వజ్రాల కోసం అట్టిపెట్టుకున్న సరిహద్దు మాత్రం మిగిలింది. ఏ రాళ్ళ కోసం ఆ గీత గీశారో ఆ రాళ్ళు అయిపోయాక కూడా మరో నూరేళ్ళకు పైగా పరిటాల రైతులు దూరాన ఉన్న హైదరాబాదు ఏలుబడిలో ఉండిపోయారు. బెజవాడ దగ్గర్లోనే ఉన్నా శిస్తు పోవాల్సింది నిజాం ఖజానాకే. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, దాన్ని హాలీ సిక్కా అనేవాళ్ళు. ఇంగ్లీషు రూపాయలు వంద కావాలంటే హాలీ రూపాయలు నూట పదహారు పైచిలుకు ఇవ్వాలి. సరిహద్దు దాటే సరుకు మీద కరోడ్‌గిరీ సుంకం వేరే. పొలం ఒక రాజ్యంలో, పంట అమ్మే బజారు మరో రాజ్యంలో ఉన్న రైతు ఏటా ఎంత నష్టపోయి ఉంటాడో ఆలోచించండి.

అటువైపు మునగాల

మునగాల పరిటాలకు సరిగ్గా తలకిందులు. సర్కార్లతో పాటు కంపెనీ చేతికొచ్చిన జమీందారీ అది. కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో భాగం. తాలూకా కచేరీ నందిగామలో ఉండేది, మునగాల రైతు మాత్రం నాలుగు దిక్కుల్లో ఎటు నడిచినా నిజాం రాజ్యంలో అడుగుపెట్టాల్సిందే. సొంత తాలూకాలో కాగితం పని చూసుకోవడానికి పరాయి రాజ్యం గుండా పోవాలి. ఆ ప్రాంతంలో పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని మునగాల పరగణా అనే పిలుస్తారు. జమీందారు నివాసం నడిగూడెంలో. ఆ కోట ఇవాళ్టికీ ఉంది.

పెనుగంచిప్రోలులో పుట్టిన ఒక పిల్లవాడు ఈ దీవికి దివాను అయ్యాడు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1877లో ఇక్కడ పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. భువనగిరిలో కొంత చదివి, తర్వాత నాగపూరులో అక్క భండారు అచ్చమాంబ దగ్గర చేరాడు. అచ్చమాంబ కూడా పెనుగంచిప్రోలు బిడ్డే, 1874లో పుట్టింది. భర్త భండారు మాధవరావు మధ్య పరగణాల్లో ఇంజినీరు. బడికి పోని ఆ అమ్మాయి తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చింది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అచ్చేసి, స్త్రీల చరిత్రను తెలుగులో స్త్రీయే రాసే దారి వేసింది. 1902లో వచ్చిన ఆమె కథ 'ధనత్రయోదశి' గురజాడ 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్ళు ముందుది. అదే ఏడు మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ముప్పై ఏళ్ళు నిండీ నిండకముందే, 1905లో కన్నుమూసింది. మునేటి ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి, ఒకే ఇంటి నుంచి, ఇద్దరు ఇలాంటివాళ్ళు రావడం మాటలు కాదు. తిరునాళ్ళకు వచ్చే లక్షలమందిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

లక్ష్మణరావు చదువు నాగపూరులో సాగింది. ఎం.ఏ. పరీక్ష కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ప్యాసయ్యాడు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆయన్ని పిలిచి సంస్థానం వ్యవహారాలు అప్పగించాడు. రాజు, దివాను ఇద్దరూ వయసులో ఉన్నవాళ్ళు, తెలుగంటే ప్రాణం ఉన్నవాళ్ళు. పరగణా చుట్టూ నిజాం రాజ్యమే కాబట్టి వాళ్ళకు సహజంగా దగ్గర పట్నం మద్రాసు కాదు, హైదరాబాదు. అక్కడ తెలుగు బడి లేదు, తెలుగు పుస్తకం దొరకదు, కచేరీలో తెలుగు పలుకుబడి లేదు. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం మొదలైంది. హైదరాబాదులో తొలి తెలుగు గ్రంథాలయం అదే. దాని వెనుక ఉన్న చేతుల్లో మునగాల రాజాది, కొమర్రాజుది ముఖ్యమైనవి. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం ఆ దారిలోనే పుట్టాయి.

1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి. చరిత్ర, శాస్త్రం, జీవితచరిత్రలను తెలుగు వచనంలో తక్కువ ధరకు ఇవ్వాలన్నది దాని సంకల్పం. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్రతో మొదలుపెట్టారు. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' ఈ మండలి నుంచే వచ్చింది. 1908లో మండలి మద్రాసుకు మారింది. ఆ తర్వాత లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పని మీద కూర్చున్నాడు. 'అ' అక్షరంతో మొదలుపెట్టి ఆరోగ్యం, డబ్బు రెండూ కరిగిపోయేదాకా రాశాడు. 1923 జులై 12న మద్రాసులో కన్నుమూశాడు. ఇంగ్లీషు ఏలుబడిలోని తెలుగువాళ్ళను, నిజాం ఏలుబడిలోని తెలుగువాళ్ళను ఒకే పాఠకలోకంగా చూసిన తొలితరం మనిషి ఆయన. రెండు రాజ్యాల సందున ఉన్న మునగాలలో పనిచేయడం ఆ చూపుకు ఎంతో తోడ్పడిందని నా నమ్మకం. పొద్దున ఒక ఏలుబడిలో లేచి సాయంత్రానికి ఇంకో ఏలుబడిలో ఉండే మనిషికి, రెండు చోట్లా వినబడే భాష ఒకటేనని ఎవరూ చెప్పనక్కర్లేదు.

జాతీయ జెండాతోనూ ఈ దీవికి చుట్టరికం ఉంది. పింగళి వెంకయ్య కొన్నాళ్ళు నడిగూడెంలో రాజావారి దగ్గర ఉండి పత్తి సాగు మీద ప్రయోగాలు చేశాడు. పత్తి వెంకయ్య అన్న పేరు అందువల్లనే వచ్చింది. జెండా ఆలోచన తమ ఊళ్ళోనే రూపు దిద్దుకుందని నడిగూడెం వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

రాజావారి కీర్తి చెప్పి రైతుల గోడు దాచడం మాత్రం న్యాయం కాదు. గ్రంథాలయాలకు వెళ్ళిన డబ్బు, పుస్తకాలకు వెళ్ళిన డబ్బు పరగణా రైతు కట్టిన శిస్తులోంచి వచ్చిందే. వెట్టి, అదనపు వసూళ్ళు మునగాలలో తక్కువేం కాదు. 1930ల్లో, ముఖ్యంగా 1938, 39 సంవత్సరాల్లో, నండూరి ప్రసాదరావు వంటివాళ్ళ వెంట పరగణా రైతులు జమీందారు మీద తిరగబడ్డారు. నిజాం పోలీసులు ఇంగ్లీషు ఇలాకాలో కాలు పెట్టలేరు కాబట్టి, తర్వాతి సంవత్సరాల్లో నల్లగొండ పల్లెల నుంచి తరిమివేతకు గురైనవాళ్ళకు ఇక్కడే తలదాచుకునే చోటు దొరికింది. ఒక రాజ్యానికి ఇబ్బందిగా ఉన్న గీత, ఇంకొక రాజ్యంలో తరుముడు పడుతున్న మనిషికి ప్రాణం నిలిపింది. పరగణా చరిత్ర రాసేవాళ్ళు రాజును, దివానును, రైతును ఒక్క పుస్తకంలోనే రాయాలి.

ఆగస్టు పదిహేను రాని ఊరు

1947 ఆగస్టు 15న కంచికచర్లలో జెండా ఎగిరింది, ఇబ్రహీంపట్నంలో ఎగిరింది, బెజవాడలో ఎగిరింది. మధ్యలో ఉన్న పరిటాలకు ఆ స్వాతంత్య్రం రాలేదు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారత యూనియన్‌లో చేరడానికి ఒప్పుకోలేదు. ఆయన రాజ్యంలో ముక్క కాబట్టి పరిటాల కూడా చేరనట్టే లెక్క. నాలుగడుగులు వేస్తే స్వతంత్ర దేశం. వెనక్కి ఇంటికొస్తే ఫర్మానా.

అప్పుడు పరిటాల, దానితో పాటు నిజాం కింద ఉన్న ఊళ్ళ జనం ఎవరి ఉత్తర్వు కోసమూ చూడలేదు. నిజాం అధికారాన్ని తోసిపుచ్చి తమకు తామే స్వతంత్రం ప్రకటించుకున్నారు. హైదరాబాదు మీద సైనిక చర్యకు ముందే తమ ఊళ్ళ పాలన తాము చేసుకున్నారు. చరిత్ర తెలిసినవాళ్ళు దాన్ని పరిటాల రిపబ్లిక్ అంటారు. ఆ జనం వేరే దేశంగా ఉండిపోవాలని కోరలేదు. తమ చుట్టూ ఉన్న దేశంలో కలవాలని కోరారు. సార్వభౌమాధికారం అన్న పెద్ద మాట పండితులు చర్చించుకునేది. పొలం పనులు చేసుకునే జనం దాన్ని ఒక్కసారి తమ చేతుల్లోకి తీసుకుని, పని అయ్యాక తిరిగి దేశానికి అప్పగించిన ఉదంతం ఇది. ఇంత గొప్ప సంగతి మన ఇంటి పక్కనే జరిగింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి కదిలింది. బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో వచ్చిన దళం తొలి ఉదయం ఎనిమిదిన్నరకే కోదాడ చేరి, మధ్యాహ్నానికి మునగాల చేరింది. సైనిక నివేదికలకు మునగాల అంటే దారిలో చేరిన ఇంకో ఊరు. అది అప్పటికే భారతదేశం. మద్రాసు రాష్ట్రంలోని నందిగామ తాలూకా. సైన్యం పరాయి నేల దాటుకుంటూ వచ్చి సొంత ఊరు చేరింది. నాలుగు రోజుల్లో, 17న, నిజాం లొంగిపోయాడు.

ఆ తర్వాత దీవులు కరిగిపోవడం ఆఫీసుల్లో జరిగింది. 1950 జనవరిలో కేంద్రం ఇలాంటి పరాయి ముక్కలను చుట్టూ ఉన్న రాష్ట్రాల్లో కలిపే ఉత్తర్వు తెచ్చింది. పరిటాల కృష్ణా జిల్లాలో కలిసింది. మునగాల మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1950ల చివర్లో నల్లగొండ జిల్లాకు మారింది. అప్పటికి రెండు జిల్లాలూ ఒకే రాష్ట్రం కాబట్టి అది పెద్ద వార్త కాలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు నల్లగొండతో పాటు మునగాల కూడా తెలంగాణకు వెళ్ళింది. 2016 అక్టోబరు నుంచి సూర్యాపేట జిల్లా. అదే 2014లో భద్రాచలం ఏ రాష్ట్రానిదన్న దాని మీద ఎంత గొడవ జరిగిందో అందరికీ తెలుసు. 1956 నవంబరు 1 నాటి హద్దులే ప్రాతిపదిక కావాలని కొందరు వాదించారు. పోలవరం ముంపు మండలాల కోసం ఆర్డినెన్సు వచ్చింది. ఆ వాదనే పట్టుకుంటే మునగాల, నడిగూడెం కూడా చర్చలోకి రావాలి. వచ్చింది తక్కువ. ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. భూగోళం చూస్తే మునగాల నల్లగొండలో కలవడం సబబే. కానీ ఎన్నడూ, ఏ దశలోనూ, పరగణా జనాన్ని పిలిచి మీరేమంటారని అడగలేదు.

అడగడం కుదరదని అనలేం. కూచ్‌బిహార్ దగ్గర భారత్, బంగ్లాదేశ్ మధ్య ఇలాంటి ముక్కలే నూటికి పైగా ఉండేవి. 2015 జులై 31 అర్ధరాత్రి రెండు దేశాలూ వాటిని మార్చుకున్నాయి. భారత్‌వి 111, బంగ్లాదేశ్‌వి 51. ఏ దేశ పౌరులుగా ఉండాలన్నది అక్కడి కుటుంబాలనే తేల్చుకోమన్నారు. దక్షిణాన బంగాళాఖాతంలో అదే రెండు దేశాల మధ్య మనుషులే లేని దీవి కోసం జరిగిన తగవు చూడండి. 1970 తుఫాను తర్వాత హరియాభంగా నది ముఖద్వారంలో ఒక దిబ్బ తేలింది. మనం న్యూమూర్ అన్నాం, పూర్బాశా అన్నాం. వాళ్ళు దక్షిణ తాల్‌పట్టి అన్నారు. మన నౌకాదళం వెళ్ళి జెండా పాతింది. 2010 నాటికి ఆ దిబ్బ సముద్రంలో మునిగిపోయిందని కోల్‌కతా శాస్త్రవేత్తలు తేల్చారు. కాపురం ఉండేవాడే లేని దిబ్బకు ముప్పై ఏళ్ళ పాటు రెండు పేర్లు, రెండు పటాలు. వేలమంది కాపురం ఉన్న మునగాలకు ఒక్క బహిరంగ సభ కూడా లేదు.

ఇప్పటి గీత

సరిహద్దు పోయిందనుకున్నవాళ్ళకు 2020 మార్చి గుర్తు చేసింది. లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాదు హాస్టళ్ళు మూతపడి ఇళ్ళకు బయల్దేరిన పిల్లలను, ఉద్యోగులను గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. చంటిపిల్లలతో గంటల తరబడి రోడ్డు మీద నిలబడ్డ కుటుంబాలను టీవీల్లో చూశాం. మరుసటి ఏడాది జూన్ చివర్లో పులిచింతల. కె.ఎల్.రావు సాగర్ అని పేరు పెట్టిన ఆ జలాశయంలో నీటి నిల్వ 45.77 టీఎంసీలు. విద్యుత్ కేంద్రం తెలంగాణ ఒడ్డున ఉంది. అక్కడ కరెంటు ఉత్పత్తి మొదలవగానే డెల్టా నారుమళ్ళకు ఉండాల్సిన నీళ్ళు వృథాగా పోతున్నాయని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. జగ్గయ్యపేట మండలం వైపు ఆంధ్ర పోలీసులు, అటువైపు తెలంగాణ పోలీసులు మోహరించారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. డ్యామ్ మీద ఎదురెదురుగా నిలబడ్డ కానిస్టేబుళ్ళలో చాలామంది తిరుపతమ్మ మొక్కు ఉన్న ఇళ్ళ నుంచే వచ్చి ఉంటారు.

పేర్ల మాట కూడా చెప్పాలి. జగ్గయ్యపేట అసలు బేతవోలు. అమరావతి ఏలిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గన్న పేరు మీద ఊరిని మార్చాడు. బేతవోలు పేరు మాత్రం ఊరి జనం నోట్లో బతికింది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ మెట్ట అంతా ఎన్టీఆర్ జిల్లా. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలో ఉండిపోయింది, ఆయన పేరు ఇటు వచ్చింది. కృష్ణ పారే ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకు జిల్లా పేరులో నది పోవడం బాధగానే ఉంటుంది. ఆ బాధ చెప్పుకోవడం ఎన్టీఆర్‌ను తక్కువ చేయడం కాదు. ఒక్క తేడా మాత్రం గమనించాలి. ఆ ఏడు జనవరిలో ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు రాసివ్వడానికి నెల గడువు పెట్టారు. 1766లో పరిటాల వాళ్ళకు ఆ నెల దొరకలేదు. పరగణా వాళ్ళకూ దొరకలేదు.

పరిటాలలో ఇప్పుడు రోడ్డు పక్కన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం కనబడుతుంది. 2003లో నిలబెట్టారు. బస్సుల్లో వెళ్ళేవాళ్ళు చేతులు జోడిస్తారు. ఆ ఊరు ఒకసారి రిపబ్లిక్ అయిందని చెప్పే బోర్డు కూడా ఆ దారిలోనే ఉండాలి. మునగాల దగ్గర, ఇది 1950ల దాకా నందిగామ తాలూకా అని ఒక బోర్డు ఉండాలి. పెనుగంచిప్రోలులో అచ్చమాంబ, లక్ష్మణరావుల పేర్లు తిరునాళ్ళకు వచ్చే జనానికి కనబడే చోట ఉండాలి. వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. 1947లో పదేళ్ళ పిల్లలుగా ఉన్నవాళ్ళకు ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. పరిటాలలో, నడిగూడెంలో, మునగాలలో అలాంటివాళ్ళు ఇంకా కొందరున్నారు. హాలీ రూపాయి చేత్తో పట్టుకున్నవాళ్ళు, నాకా దగ్గర బండి ఆపిన జవాన్లను చూసినవాళ్ళు, వెట్టికి పోయిన తండ్రులు ఉన్నవాళ్ళు. నందిగామ, జగ్గయ్యపేట, కోదాడ కళాశాలల్లో చరిత్ర చదివే పిల్లలు సెల్‌ఫోన్లు పట్టుకుని వాళ్ళ అరుగుల మీద కూర్చుని వాళ్ళ మాటలు రికార్డు చేయవచ్చు. రెండు రాష్ట్రాల అధ్యాపకులు కలిసి చేయదగ్గ పని ఇది. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టాలి.